హార్టికల్చర్ చదువు, బెంగళూరులో పని: మన తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మొక్కల పని చేస్తున్న తెలుగువాళ్లకు ఫోన్లు ఎక్కువగా మే, జూన్ నెలల్లో వస్తాయి. అనంతపురం, మదనపల్లె, హిందూపురం నుంచి ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలూ అడుగుతాయి. బెంగళూరులోనే ఉంటూ, ఆఫీసు పని విసుగొచ్చి మొక్కల వైపు మళ్లాలనుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లు అడిగేవీ, అడగాల్సి ఉండి అడగనివీ కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఫీజులు, తేదీలు, కటాఫ్ ర్యాంకులు ఏటా మారతాయి కాబట్టి వాటిని ఆయా విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లలోనే చూసుకోండి.

హార్టికల్చర్‌లో ఏమేం వస్తాయి? అగ్రికల్చర్ బీఎస్సీకీ దీనికీ తేడా ఏమిటి?

పండ్లు, కూరగాయలు, పూలు, సుగంధ ద్రవ్యాలు, ఔషధ మొక్కలు, కొబ్బరి, కాఫీ లాంటి తోట పంటలు, వీటితో పాటు లాండ్‌స్కేపింగ్, కోత తర్వాత సరుకును నిలవ చేయడం. ఇవన్నీ హార్టికల్చర్ కిందకే వస్తాయి. అగ్రికల్చర్ డిగ్రీలో వరి, జొన్న, పప్పుధాన్యాలు, నూనెగింజలకు పెద్ద పీట. అందులో హార్టికల్చర్ కొన్ని సబ్జెక్టులుగా మాత్రమే ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగాల సంఖ్య ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే అగ్రికల్చర్ డిగ్రీకి తలుపులు కాస్త ఎక్కువ. ప్రైవేటు రంగంలో, ముఖ్యంగా బెంగళూరు చుట్టుపక్కల, హార్టికల్చర్ చదివినవాళ్లను వెతికి తీసుకుంటారు. దేశంలో ఉద్యాన పంటల దిగుబడి 2012-13 నుంచి ఆహార ధాన్యాల దిగుబడిని దాటింది. పండించేది పెరిగినప్పుడు నారు పెంచేవాళ్లు, తెగులు గుర్తుపట్టేవాళ్లు, కోసిన సరుకు పాడవకుండా చూసేవాళ్లు కూడా ఎక్కువమంది కావాలి కదా.

ఇంటర్ బైపీసీ అయిపోయింది. ఎలా చేరాలి?

ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలో ఉన్న డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ చదువుకు ముఖ్యమైనవి. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్‌లో సీట్లు ఆయా రాష్ట్రాల ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) అగ్రికల్చర్ విభాగం ర్యాంకును బట్టి ఇస్తారు. రాయలసీమ వాళ్లకు రైల్వేకోడూరు దగ్గరి అనంతరాజుపేట కళాశాల దగ్గర.

రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేకంగా రైతు కోటా ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు, భూమి పత్రాలు కౌన్సెలింగ్ నాటికి చేతిలో ఉండాలి. పాస్‌బుక్‌లో పేరు తప్పు, సర్వే నంబరు తేడా లాంటి చిక్కులు ఏప్రిల్‌లోనే సరిచేయించుకోండి. మంచి ర్యాంకు వచ్చి కూడా కాగితాల దగ్గర ఆగిపోవడం చాలా బాధాకరం.

ఇతర రాష్ట్రాల్లో చదవాలంటే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటా ఉంది. 2023 నుంచి ఆ సీట్లను సీయూఈటీ (దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష) స్కోరు ద్వారా నింపుతున్నారు. దీనికి అప్లికేషన్ ఎంసెట్ కంటే ముందే పెట్టాల్సి వస్తుంది. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే గుర్తుపెట్టుకోవాలి.

బెంగళూరులోనే చదవొచ్చా?

చదవొచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే ప్రాంగణంలో ఉద్యాన కళాశాల ఉంది. అది బాగల్‌కోట్ ఉద్యాన శాస్త్రాల విశ్వవిద్యాలయం కిందకు వస్తుంది. 2008లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి అరభావి, శిరసి లాంటి చోట్ల కూడా కళాశాలలున్నాయి.

కాకపోతే కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీ ద్వారా సీటు కావాలంటే ఆ రాష్ట్రపు అర్హత ఉండాలి. ఒకటి నుంచి పన్నెండో తరగతి మధ్య కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలన్నది అందులో ప్రధాన నిబంధన. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల తెలుగు పిల్లలకు, బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇబ్బంది లేదు. అనంతపురంలో ఇంటర్ చదివిన పిల్లకు మాత్రం ఐసీఏఆర్ కోటానే దారి.

నన్నడిగితే, డిగ్రీ ఎక్కడ సీటొస్తే అక్కడ చేసి, పనికి బెంగళూరు రావడంలో నష్టమేమీ లేదు. పైగా వెంకటరామన్నగూడెంలో చదివినవాళ్లకు కొబ్బరి, కోకో, అరటి తోటలు, రాజమండ్రి దగ్గరి కడియం నర్సరీలు కళ్ల ముందే ఉంటాయి. బెంగళూరులో చదివినవాళ్లకు ఆ అనుభవం ఉండదు.

ర్యాంకు సరిపోలేదు. ప్రైవేటు కాలేజీలో చేర్చమంటారా?

చేరే ముందు ఆ కళాశాలకు ఐసీఏఆర్ అక్రెడిటేషన్ ఉందా, ఎప్పటివరకు ఉంది అని రాతపూర్వకంగా తెలుసుకోండి. లేకపోతే రేపు పీజీకి, ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు చిక్కులు వస్తాయి. ఆ తర్వాత పొలం చూడండి. క్లాసురూములు ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని ఎకరాల తోట ఉంది, నర్సరీ ఉందా, పిల్లలు అందులో నిజంగా పనిచేస్తున్నారా అన్నది. ఒక గంట ఆ తోటలో తిరిగితే మీకే తెలిసిపోతుంది.

పదో తరగతి తర్వాత రెండేళ్ల హార్టికల్చర్ డిప్లొమా ఇంకో మంచి దారి. ఆంధ్రప్రదేశ్‌లో డిప్లొమా చేసినవాళ్లు హార్టీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీలో చేరొచ్చు. డిప్లొమా పిల్లలకు చేతిపని ముందే వచ్చి ఉంటుంది కాబట్టి డిగ్రీలో నిలదొక్కుకోవడం తేలిక.

నాలుగేళ్లలో ఏం నేర్పుతారు? అందులో ఏది గట్టిగా పట్టుకోవాలి?

నేల శాస్త్రం, మొక్కల జీవక్రియలు, తెగుళ్లు, పురుగులు, జన్యుశాస్త్రం, పంటల వారీ సాగు, కోత తర్వాతి సాంకేతికత, కొంత మార్కెటింగ్. ఆఖరి ఏడాదిలో ఒక పల్లెలో రైతులతో కలిసి ఉండి పని నేర్చుకోవాలి. దాన్ని సెలవుల్లా గడిపేవాళ్లున్నారు. ఆ నెలలే మీకు ఉద్యోగం ఇప్పించే నెలలు, దయచేసి వదులుకోకండి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అంటు కట్టడం గురించి. బెంగళూరులో నర్సరీ యజమానులు, ఫామ్ మేనేజర్లు కొత్తగా వచ్చినవాళ్లలో చూసేది మార్కుల కాగితం కాదు, కత్తి పట్టుకునే తీరు. మామిడి తీసుకోండి. లేత కొమ్మ అంటు కట్టాలంటే మంచి రకం చెట్టు మీద ఎంచుకున్న కొమ్మకు వారం, పది రోజుల ముందే ఆకులు తీసేయాలి. ఆకు కాడలు మాత్రం కాస్త ఉంచాలి. అప్పుడు చివరి మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, నిలువుగా చీల్చి, కలం కొమ్మను రెండు వైపులా ఏటవాలుగా చెక్కి అందులో దించాలి. బెరడు కింద ఉండే పచ్చని పొరలు రెండూ కనీసం ఒక వైపైనా కలవాలి. పాలిథీన్ పట్టీ బిగించి, తేమ ఆరకుండా పైన సన్నని కవరు తొడగాలి. ఇదంతా ఒక పేజీలో రాసేయొచ్చు. కానీ కోత ఒకే గీతలో, వంకర లేకుండా రావాలంటే వందల కొమ్మలు చెక్కాలి. ప్రాక్టికల్ క్లాసులో తలా రెండు మొక్కలు ఇస్తే సరిపోదు. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడు దగ్గర్లోని నర్సరీకి వెళ్లి, అక్కడ రోజంతా అంటు కట్టే అన్నయ్య పక్కన కూర్చోండి. డబ్బు అడగకుండా పని చేయండి. ఆయన చదివింది ఐదో తరగతే కావచ్చు, ఈ విద్యలో ఆయనే మీ గురువు.

అంటు వెనక ఉన్న కారణం కూడా తెలియాలి. అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో సాతుగుడి రకాన్ని రంగపూర్ నిమ్మ మీద మొగ్గ అంటు ఎందుకు కడతారు? ఆ వేరు కరువును, వేరుకుళ్లును బాగా తట్టుకుంటుంది కాబట్టి. ద్రాక్షకు డాగ్‌రిడ్జ్ వేరు ఎందుకు? ఉప్పు నీళ్లకు, నీటి ఎద్దడికి అది నిలుస్తుంది. డచ్ గులాబీని నాటల్ బ్రయర్ మీద కడతారు. పైన కనిపించే రకం పేరు అందరూ చెబుతారు. కింద వేరు ఏమిటి అని అడిగే పిల్లవాడిని యజమాని గుర్తుపెట్టుకుంటాడు.

రెండోది నీళ్ల లెక్క. డ్రిప్ లైను పొడవు, డ్రిప్పర్ గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఎరువు ట్యాంకులో ఎంత కలిపితే మొక్కకు ఎంత చేరుతుంది అన్నవి. కాగితం మీద వేసి చూపించగలిగితే చాలు. ఉప్పుల గాఢత కొలిచే ఈసీ మీటరు, పీహెచ్ మీటరు వాడటం కాలేజీలోనే అలవాటు చేసుకోండి.

"మట్టి పని చేయడానికి నాలుగేళ్ల చదువా?" అంటున్నారు మా నాన్నగారు. ఏం చెప్పను?

ఆయన మాటలో భయం ఉంది, దాన్ని గౌరవించాలి. తాను పడిన కష్టం బిడ్డ పడకూడదని ఏ రైతైనా అనుకుంటాడు. వాదించకుండా ఆయన్ను ఒకసారి హెసరఘట్టకు తీసుకెళ్లండి. 1967లో మొదలైన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అక్కడే ఉంది. మన రైతులకు తెలిసిన అర్క రకాలన్నీ అక్కడివే. అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్‌ను, బ్యాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును, మూడింటినీ తట్టుకుంటుంది. అర్క అనామిక బెండ, అర్క కళ్యాణ్ ఉల్లి కూడా అక్కడే పుట్టాయి. మదనపల్లె రైతుకు ఆకుముడత వల్ల పంట పోవడం అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. దానికి మందు వెతికినవాళ్లు చదివింది ఈ చదువే అని చూపిస్తే ఆయనకే అర్థమవుతుంది. ఏటా అక్కడ జరిగే జాతీయ ఉద్యాన మేళాకు గానీ, జీకేవీకే కృషి మేళాకు గానీ వెళితే ఇంకా మంచిది.

అన్ని ఊళ్లుండగా బెంగళూరే ఎందుకు?

వాతావరణం ఒక కారణం. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, ఎర్ర నేల, మండని వేసవి. గులాబీ, జెర్బెరా, క్యాప్సికం, ద్రాక్ష ఏడాది పొడవునా చేతిలో పని ఉంచుతాయి.

మనుషులు ఇంకో కారణం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ ఇప్పుడు 240 ఎకరాల్లో ఉంది. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన జర్మన్ తోట నిపుణుడు క్రుంబిగల్, ఏడాదిలో ఏదో ఒక వీధి ఎప్పుడూ పూసి ఉండేలా చెట్లను ఎంచి నాటించాడు. ఆ తర్వాత వచ్చిన ఎం.హెచ్. మరిగౌడ హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి వచ్చి లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్నారు. ద్రాక్ష రైతుల సహకార సంఘంగా 1959లో మొదలైన హాప్‌కామ్స్ వెనక, ఉద్యాన శాఖ వేరే శాఖగా నిలబడటం వెనక ఆయన కృషి ఉంది. రైతు పండించిన పండు నగరంలోని వీధి చివర దుకాణానికి నేరుగా చేరాలన్న ఆలోచన అది. ఈ ఊళ్లో ఉద్యానం గౌరవం ఉన్న వృత్తి. ఆ గౌరవాన్ని సంపాదించిపెట్టినవాళ్ల పేర్లు మన పిల్లలకు తెలియాలి.

గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాలకు గ్లాస్ హౌస్‌లో జరిగే పూల ప్రదర్శనలకు వెళ్లండి. ఫొటోల కోసం కాకుండా, వారం ముందు వెళ్లి ఏర్పాట్లు ఎలా చేస్తున్నారో చూడగలిగితే ఒక సెమిస్టర్ పాఠం నేర్చుకున్నట్టే.

ఏ రకం పనులు దొరుకుతాయి? ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎక్కువ మందికి మొదట దొరికేది లాండ్‌స్కేప్ పని. అపార్ట్‌మెంట్లు, టెక్ పార్కులు, విల్లా లేఅవుట్లు. కెంపేగౌడ విమానాశ్రయం రెండో టెర్మినల్ 2022లో ప్రారంభమైంది, లోపల వేలాడే తోటలతో. అలాంటి కట్టడాలు వచ్చాక మొక్కల మీద ఖర్చు పెట్టడానికి బిల్డర్లు వెనకాడటం తగ్గింది. ఈ పనిలో కాలేజీలో చెప్పని విషయాలు ఉంటాయి. తోట కింద బేస్‌మెంట్ పార్కింగ్ ఉంటుంది. అంటే మట్టి లోతు తక్కువ, బరువు లెక్క ఉంటుంది, నీళ్లు నిలిస్తే కింద కార్ల మీద కారుతాయి. డ్రైనేజ్ పొర, దాని మీద గుడ్డ, తేలిక మట్టి మిశ్రమం వేయడం సివిల్ ఇంజనీర్లతో కూర్చుని తేల్చుకోవాలి. అక్కడ రావి, మర్రి నాటమని అడిగే యజమానికి ఎందుకు వద్దో ఓపికగా చెప్పగలగాలి.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు నీటి బోర్డు తాగునీటిని తోటలకు వాడొద్దని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆదేశించింది. అప్పటి నుంచి తోటలకు శుద్ధి చేసిన మురుగునీరే గతి అని అందరికీ అర్థమైంది. ఆ నీళ్లలో ఉప్పులు ఎక్కువ ఉంటే ఆకు కొనలు మాడతాయి, నేల గట్టిపడుతుంది. ఏ మొక్క దాన్ని తట్టుకుంటుంది, ఎప్పుడు మంచి నీళ్లతో నేలను కడగాలి, లాన్ తగ్గించి దాని బదులు ఏం వేయాలి అన్నది చెప్పగలిగే పట్టభద్రులు ఈ ఊరికి చాలా అవసరం. నేను కొత్తవాళ్లకు మొదట సూచించే ప్రత్యేకత ఇదే.

రెండోది పాలీహౌస్‌లు. దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, హోసూరు వైపు ఈ ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్లలో గులాబీ, జెర్బెరా, కార్నేషన్ పెంచుతారు. గ్రోయర్, సూపర్‌వైజర్ ఉద్యోగాలు ఉంటాయి, చాలాచోట్ల ఫామ్‌లోనే ఉండాలి. ఫిబ్రవరి ప్రేమికుల రోజుకు పూలు కావాలంటే డిసెంబర్ మధ్యలోనే కత్తిరింపులు మొదలుపెట్టాలి. చలి ఎక్కువైతే పూత వెనక్కి పోతుంది, ఎండ పెరిగితే ముందుకు వస్తుంది. జనవరి ఆఖరి వారంలో ఆ ఫామ్‌లలో ఎవరికీ సెలవు ఉండదు, టెన్షన్ మామూలుగా ఉండదు. కోసిన పూలను వెంటనే నీళ్లలో పెట్టి, కాడ పొడవును బట్టి వేరుచేసి, రెండు నుంచి నాలుగు డిగ్రీల చల్లని గదిలోకి చేర్చాలి. హెబ్బాళలోని అంతర్జాతీయ పూల వేలం కేంద్రాన్ని, తెల్లవారకముందే నిండిపోయే కేఆర్ మార్కెట్‌ను ఒక్కసారైనా చూడండి. పూల ధర ఎలా పడుతుందో, ఎంత తొందరగా పడిపోతుందో అక్కడే తెలుస్తుంది.

మూడోది విత్తన కంపెనీలు. హైబ్రిడ్ కూరగాయల విత్తనాలకు బెంగళూరు పెద్ద కేంద్రం. 1965లో మొదలైన ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ ఈ ఊరిదే, నామధారి సీడ్స్ బిడదిలో ఉంది. బ్రీడింగ్‌లో (కొత్త రకాలు తయారుచేయడం) సహాయకులుగా, విత్తన నాణ్యత పరీక్షల్లో, పల్లెల్లో విత్తనోత్పత్తి పర్యవేక్షణలో తీసుకుంటారు. అమ్మకాల ఉద్యోగాలు కూడా చాలా ఉన్నాయి. కోలారు, చిక్కబళ్లాపుర, చిత్తూరు, అనంతపురం ప్రాంతానికి తెలుగు, కన్నడ రెండూ వచ్చినవాళ్లు దొరికితే కంపెనీలు వదలవు.

చిన్న మొక్క ముక్క నుంచి సీసాల్లో మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ ల్యాబులు, ప్రోట్రేలలో (గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలు) నారు పెంచే నర్సరీలు, పండ్ల ప్యాక్‌హౌస్‌లు, సూపర్‌మార్కెట్ల కొనుగోలు విభాగాలు, డ్రిప్ కంపెనీలు, వ్యవసాయ యాప్‌ల సలహా విభాగాలు కూడా ఉన్నాయి. ఐసీఏఆర్ సంస్థల్లో యంగ్ ప్రొఫెషనల్ అనే కాంట్రాక్టు ఉద్యోగాలు వస్తుంటాయి. పీజీకి ముందు ఒక ఏడాది అక్కడ పనిచేస్తే చాలా నేర్చుకోవచ్చు.

జీతం ఎలా ఉంటుంది?

మొదట్లో సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే బాధపడతారు. మొదటి రెండు మూడేళ్లు బెంగళూరు అద్దెకు, తిండికి సరిపోయి కొంచెం మిగిలితే బాగున్నట్టే. ఫామ్‌లో ఉండటానికి గది, భోజనం ఇస్తే చేతికి వచ్చే మొత్తం తక్కువైనా మిగిలేది ఎక్కువ. ఆఫర్ చూసేటప్పుడు ఈ లెక్క వేసుకోండి. పీఎఫ్ ఉందా, బండి పెట్రోలు ఎవరిస్తారు, వారానికి ఒక రోజు సెలవు నిజంగా ఉందా అని ముందే అడగండి. అడగడం తప్పు కాదు. జీతం పెరిగేది ఒక పంటలో గానీ, ఒక పనిలో గానీ మీ మాటకు విలువ వచ్చినప్పుడు. ఏడాదికోసారి కంపెనీ మారుతూ అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాళ్ల కంటే, గులాబీలో ఐదేళ్లు నిలిచినవాళ్లు ముందుకు వెళ్లడం చూశాను.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతి?

ఏపీలో గ్రామ సచివాలయాల ఉద్యాన సహాయకులు, రెండు రాష్ట్రాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ల ద్వారా హార్టికల్చర్ ఆఫీసర్లు, బ్యాంకుల్లో ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే సంస్థ) ద్వారా అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్. ఈ బ్యాంకు ఉద్యోగానికి నాలుగేళ్ల హార్టికల్చర్ డిగ్రీ సరిపోతుంది, వయసు 20 నుంచి 30 మధ్య ఉండాలి. మన పిల్లలకు ఎక్కువగా కలిసివచ్చేది ఇదే. కర్ణాటక ఉద్యాన శాఖ ఉద్యోగాలకు కన్నడ పరీక్ష గట్టెక్కాలి.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. అందుకే పుస్తకాలు పట్టుకుని గదిలో ఏళ్లు గడపకుండా, ఏదైనా పనిచేస్తూనే చదువుకోమంటాను. ఖాళీగా గడిచిన నాలుగేళ్ల గురించి ప్రైవేటు కంపెనీ తప్పకుండా అడుగుతుంది.

కన్నడ రాదు. ఇబ్బందా?

మొదటి నెల ఇబ్బంది, ఆరు నెలల్లో మామూలైపోతుంది. తోట పనివాళ్లలో కన్నడ, తమిళం, తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడేవాళ్లందరూ కలిసి ఉంటారు. మన భాష వాళ్లు దొరికారని అక్కడే ఆగిపోకండి. మనకు అన్నం పెడుతున్న ఊరి భాష నేర్చుకోవడం మర్యాద, పనికి కూడా అవసరం. మందు మోతాదు చెప్పేటప్పుడు భాష సరిగ్గా రాకపోతే మనుషులకే ప్రమాదం. "లీటరుకు రెండు మిల్లీలీటర్లు" అన్నది పంపు పట్టుకున్న మనిషికి తన భాషలో స్పష్టంగా అర్థం కావాలి. గ్లవ్స్, మాస్కు ఇచ్చి, వాడేలా చూడటం సూపర్‌వైజర్ బాధ్యత.

ఆడపిల్లలకు ఈ రంగం సరిపోతుందా?

సరిపోతుంది. క్లాసుల్లో అమ్మాయిలు బాగానే ఉంటున్నారు. టిష్యూ కల్చర్ ల్యాబులు, విత్తన పరీక్ష, లాండ్‌స్కేప్ డిజైన్, నాణ్యత విభాగాల్లో చాలామంది ఉన్నారు. హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో పువ్వు విప్పి పుప్పొడి అద్దే సున్నితమైన పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఫామ్ ఉద్యోగమైతే వసతి ఎలా ఉంది, టాయిలెట్లు ఉన్నాయా, చీకటి పడ్డాక బస్టాపు వరకు బండి ఉందా అని స్వయంగా వెళ్లి చూశాకే చేరాలి. చూపించడానికి ఇష్టపడని చోట చేరొద్దు.

నాకు ముప్పై ఐదు దాటింది, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇటు మారొచ్చా?

డిగ్రీ అక్కర్లేదు. ఉద్యోగం మానకుండా ముందు ఒక పూర్తి ఏడాది, అన్ని కాలాలూ చూసేలా, శనివారాలు ఒక నర్సరీలోనో రైతు దగ్గరో పనిచేయండి. హెసరఘట్ట సంస్థ పుట్టగొడుగుల పెంపకం లాంటి వాటిలో చిన్న శిక్షణలు ఇస్తుంది, వాటిలో చేరండి. దేవనహళ్లి వైపు భూమి కొని, పాలీహౌస్ వేసి, మనిషిని పెట్టి నడిపిద్దాం అనుకుంటే మాత్రం ఆగమంటాను. తోట దగ్గర రోజూ ఎవరో ఒకరు బాధ్యతగా ఉండాలి. వారానికోసారి వచ్చే యజమానికి ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్న పురుగు) కనిపించేసరికి సగం ఆకులు పోయి ఉంటాయి.

పదో తరగతి వరకే చదివాను, అపార్ట్‌మెంట్‌లో తోట పని చేస్తున్నాను. నాకు దారి ఉందా?

ఉంది. మీరు రాసినందుకు నిజంగా సంతోషం. కర్ణాటక ఉద్యాన శాఖ లాల్‌బాగ్‌లోనూ ఇతర శిక్షణ కేంద్రాల్లోనూ రాష్ట్రంలోని రైతు బిడ్డలకు పది నెలల శిక్షణ ఇస్తుంది. కోలారు, పావగడ వైపు వాళ్లు ప్రయత్నించొచ్చు. వేరే రాష్ట్రం వాళ్లకు అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్ గార్డెనర్ కోర్సులున్నాయి, సర్టిఫికెట్ వస్తుంది.

మీకు తెలిసిన ప్రతి మొక్కకు శాస్త్రీయ నామం రాసుకోవడం మొదలుపెట్టండి. లాల్‌బాగ్‌లో చెట్లకు బోర్డులుంటాయి. స్మార్ట్‌ఫోన్‌లో తెగులు ఫొటో, తేదీ, వేసిన మందు దాచుకోండి. ఆరు నెలలకు ఆ ఫోనే మీ సర్టిఫికెట్ అవుతుంది. ఐదారు అపార్ట్‌మెంట్ల నిర్వహణ సొంతంగా ఒప్పుకుని, నలుగురికి పని ఇస్తున్న అనంతపురం మనుషులు ఈ ఊళ్లో ఉన్నారు.

ఎమ్మెస్సీ చేయాలా?

పరిశోధన, బ్రీడింగ్, బోధన వైపు వెళ్లాలంటే తప్పదు. ఐసీఏఆర్ పీజీ పరీక్ష రాయండి. లాండ్‌స్కేప్, నర్సరీ, ఫామ్ వైపైతే ముందు రెండేళ్లు పనిచేయండి. అప్పుడు ఏ విభాగంలో చేయాలో మీకే స్పష్టంగా ఉంటుంది.

సొంతంగా నర్సరీ పెట్టాలనుంది.

డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లకు అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం 2002 నుంచి ఉంది. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల ఉచిత శిక్షణ, తర్వాత బ్యాంకు రుణం. రాయితీ ప్రాజెక్టు ఖర్చులో 36 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం. ఒక్కరే పెట్టే ప్రాజెక్టుకు 20 లక్షల వరకు పరిమితి.

బెంగళూరు లాండ్‌స్కేప్ పనులకు కడియం నుంచి లారీల్లో మొక్కలు వస్తాయి. అంత తక్కువ ధరకు మీరు పెంచలేరు, పోటీకి వెళ్లొద్దు. గోదావరి తేమలో పెరిగిన మొక్క ఇక్కడి పొడి గాలికి కొన్నాళ్లు అలసిపోతుంది. దాన్ని తెచ్చి, షేడ్ నెట్ కింద కొన్ని వారాలు ఈ ఊరి గాలికి, నీళ్లకు అలవాటు చేసి, వేరు పట్టాక అమ్మేవాళ్లకు మంచి పేరుంది. లేదా ప్రోట్రే నారు, స్థానిక అడవి చెట్లు లాంటి ఒక్కదాన్నే పట్టుకోండి. స్థలం అద్దెకు తీసుకునే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. నీళ్లు బాగోకపోతే మిగతా అన్నీ బాగున్నా ఆ స్థలం వద్దు.

ఇంటర్వ్యూకు వెళ్తున్నాను. ఏం తీసుకెళ్లాలి?

మార్కుల మెమోలతో పాటు ఒక నోటు పుస్తకం. మీరు స్వయంగా పెంచిన ఒక పంట, టెర్రస్ మీద కుండీల్లో వంగ అయినా సరే, నాటిన తేదీ నుంచి కోత వరకు రాసింది. ఎప్పుడు ఏ పురుగు వచ్చింది, ఏం చేశారు, ఎన్ని మొక్కలు చచ్చిపోయాయి, ఎందుకు. చచ్చినవి దాచకండి, వాటి గురించే ఎక్కువ అడుగుతారు. అంటు కత్తి, సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) మీ సొంతవి ఉంటే సంచిలో పెట్టుకోండి, పదును పెట్టి. చాలాచోట్ల మాటలయ్యాక తోటలోకి తీసుకెళ్లి "ఇది ఏ మొక్క, దీనికేమైంది?" అంటారు. తెలియకపోతే ఊహించి చెప్పకండి. ఆకు వెనక్కి తిప్పి చూడండి, కాండం మొదలు దగ్గర మట్టి తీసి చూడండి, నీళ్లు ఎన్నాళ్లకోసారి పెడుతున్నారని అడగండి. బూట్లు మట్టిలో దిగడానికి పనికొచ్చేవి వేసుకోండి.